నగరిలో నేను ఆపించిన మగ్గాలు

ఉద్యోగంలో నా చివరి ఏడాది, నగరిలో ఒక వీధి మరమగ్గాలన్నిటినీ గంటసేపు ఆపించాను. తప్పు మగ్గాలది కాదు. సౌండు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా చదువుతారనుకుని ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వాల్సినవాళ్లు చాలామంది అప్పుడే నవ్వేశారు.

తిరుపతిలో ఒక సౌండు సర్వీసింగ్ షాపులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆంప్లిఫైయర్లు, మిక్సర్లు, కల్యాణ మండపాల స్పీకర్లు, గుళ్ల మైకులు, చర్చిల మైకులు, అన్నీ మా బల్ల మీదికే వచ్చేవి. నాకో పేరుండేది. చెవి పెట్టి వింటే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేస్తాడని. పుత్తూరులో ఎముకలు కట్టేవాళ్లు వేలితో తడిమి విరిగిన చోటు చెప్పేస్తారు కదా, మావాడూ అంతేనని మా ఓనరు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అన్నేళ్లు ఆ మాట వింటూ ఉంటే ఎవరైనా నమ్ముతారు. నేనూ నమ్మాను.

షాపులో నా పక్క బల్ల ఒక రేణిగుంట అమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. టీవీలు బిగించే ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చేసి మా దగ్గరికొచ్చింది. ఆమె పెట్టిన సోల్డరింగు చూస్తే ముగ్గు చుక్కలు గుర్తొచ్చేవి. మాట తక్కువ. ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పే అలవాటు అసలే లేదు. ఆ అలవాటు ఉండుంటే ఈ కథ సగంలోనే అయిపోయేది.

నగరి నుంచి ఫోన్ చేసినతను మరమగ్గాల కుటుంబంవాడు. తండ్రి పోయాక ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ తీసేసి, ఆ గదిని రికార్డింగ్ స్టూడియో చేసుకున్నాడు. గోడలకు పాత బొంతలు కొట్టి, వాటి వెనక నూలు వేస్టు కూరి, తలుపుకు పరుపు కట్టాడు. శుక్రవారాలు అమ్మవారి పాటలు, శనివారాలు చర్చి పాటలు రికార్డు చేసేవాడు. గది చిన్నదే గానీ బల్ల మీద రెండు పెద్ద కంప్యూటరు తెరలు, పెళ్లిలో తోడికోడళ్ల మాదిరి పక్కపక్కనే ధగధగలాడుతూ ఉండేవి. వాటినతను గుడ్డ పెట్టి తుడవడం చూశాను. సొంత కళ్లజోడును కూడా అంత శ్రద్ధగా తుడిచేవాడు కాదు.

అతని ఇబ్బంది ఏమిటంటే, మైకులో పాడితే బాగానే ఉంది. ఎలక్ట్రిక్ మాండొలిన్ తగిలిస్తే మాత్రం వెనక జుయ్యిమని ఒకటే రొద. డబ్బాలో తుమ్మెదను వేసి మూత పెట్టినట్టు.

వాయించేది పుత్తూరు నుంచి వచ్చే ఒక పెద్దాయన. చుట్టుపక్కల ఊళ్లలో మాండొలిన్ పట్టుకున్న పిల్లలందరికీ ఆయనే అయ్యవారు. స్టూడియో అతనూ చిన్నప్పుడు ఆయన దగ్గర నేర్చుకుని, ఆయన చేతే మానేయించుకున్నవాడు. ఆయన కుడిచేతిలో వణుకు మొదలైంది. డాక్టరు మాత్రలిచ్చాడు. పొద్దున ఇడ్లీ తిని మాత్ర వేసుకుంటే రెండు గంటలు చెయ్యి ఆయన మాట వింటుంది. తర్వాత దాని ఇష్టం. ఆ రెండు గంటలు కూడా నెలనెలా తగ్గుతున్నాయి. చెయ్యి పూర్తిగా ఎదురు తిరిగేలోగా, తన శిష్యులకు చెప్పే పాఠాలన్నీ, నోటితో చెప్పి, చేత్తో వాయించి చూపించి, రికార్డు చేసి పెట్టాలని ఆయన కోరిక. అందుకే స్టూడియో అతనికి అంత తొందర.

మొదటిసారి నేనూ, రేణిగుంట అమ్మాయీ వెళ్లాం. నేను మామూలుగా అన్నీ ఒక్కొక్కటే ఆర్పించుకుంటూ వచ్చాను. ఫ్యాను, ట్యూబులైటు, ఇన్వర్టరు, వంటింట్లో ఫ్రిజ్జు. రొద తగ్గలేదు. అప్పుడామె నా వెనక నుంచి, "అన్నా, ఆ తెరలు కూడా ఆర్పి చూద్దామా?" అంది.

"తెర ఆర్పేస్తే రొద ఎంత ఉండాదో దేంట్లో చూసేదమ్మా?" అన్నాను.

మరి నిజమే కదా. శబ్దం ఎంతుందో తెర మీద గీతలుగా కనబడుతుంది. గీత లావుగా ఉంటే రొద ఉన్నట్టు. ఆ గీత చూస్తూనే కదా నేను వెతుకుతున్నది. చెవితో రోగం చెప్పేవాడినన్న పేరున్న మనిషి కళ్లతో వెతుకుతున్నాడన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

ఎర్త్ సరిగా లేదని తేల్చాను. పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పు, బొగ్గులు వేయించి, కొత్త ఎర్త్ తీగ లాగించాను. గొయ్యి ఎండిపోకుండా రోజూ నీళ్లు పొయ్యాలని చెప్పాను. స్టూడియో అతని తల్లి ఆ మాట గట్టిగా పట్టించుకుంది. రోజూ తలంటి స్నానం చేసినంత శుద్ధిగా వచ్చి చెంబుతో నీళ్లు పోసి, పసుపు కుంకుమ కూడా పెడుతోందని తర్వాత తెలిసింది. ఎర్త్ చక్కగా కుదిరింది. రొద అలాగే ఉంది.

వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. ఈసారి వెళ్లేటప్పుడు బస్సులోనే జవాబు సిద్ధం చేసుకున్నాను. నగరి బస్టాండులో దిగగానే ఎవరికైనా వినబడేదేమిటి? మగ్గాలు. ప్రతి వీధిలో టకటకా టకటకా. ఆ వీధిలో స్టూడియోకి అటూ ఇటూ కలిపి అయిదు ఇళ్లలో మగ్గాలాడుతున్నాయి. ఒక్కో ఇంట్లో పాత మోటార్లు. అన్నీ ఒకే లైను మీద. ఇంకేం కావాలి? ఆ రొద మగ్గాల మోటార్ల నుంచి కరెంటు తీగల్లో పడి వస్తోందని గుమ్మంలోనే ప్రకటించాను. నా పక్కనున్నామె టూల్స్ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. అంతే.

అయ్యవారు ఆ రోజు వస్తున్నారు. తొమ్మిదిన్నరకు మాత్ర పనిచేయడం మొదలవుతుంది. పదింటి నుంచి గంటసేపు అయిదు ఇళ్ల మగ్గాలు ఆపిస్తే పాఠాలు కొన్నయినా అయిపోతాయని నా లెక్క. స్టూడియో అతనితో కలిసి ఇంటింటికీ వెళ్లాను. నాలుగు ఇళ్లవాళ్లు అయ్యవారి మీద గౌరవంతో ఒప్పుకున్నారు. ఆనుకుని ఉన్న పక్కింటి మగ్గాల ఆసామి మాత్రం బనీను మీద నూలుపోగులతో వచ్చి నిలబడి, మా మోటారు వల్లే అని గట్టిగా చెప్తావా అని అడిగాడు. ముప్పై ఏళ్ల అనుభవం అని చెప్పాను. సరేనని లోపలికెళ్లి ఆపేశాడు.

పదింటికి వీధి మూగబోయింది. ఎన్నో ఏళ్లుగా ఆగని చప్పుడు ఆగేసరికి, చెప్పులు తెగినట్టు జనం తడబడుతూ బయటికొచ్చారు. కరెంటు పోయిందేమోనని కొందరు ఫ్యాన్లు వేసి చూసుకున్నారట. ఆ ఊళ్లో మగ్గాలు ఒక్కసారిగా ఆగాయంటే రెండే కారణాలు: కరెంటు పోవాలి, లేదా వీధిలో ఎవరైనా పోవాలి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి రెండోదే అయ్యుంటుందని పక్కవీధి వాళ్లు తీర్మానించుకున్నారు.

మేం స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అయ్యవారు తూర్పుముఖంగా చాప మీద కూర్చుని, మాండొలిన్ ఒళ్లో పెట్టుకుని, తెరలకెదురుగా కళ్లు మూసుకున్నారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. జుయ్యి. అదే రొద. ఇన్నాళ్లూ మగ్గాల చప్పుడులో సగం కలిసిపోయేది, ఇప్పుడు నిశ్శబ్దంలో రాజాలాగా వినబడుతోంది. హెడ్‌ఫోన్ తీసి మళ్లీ పెట్టుకున్నాను. తీగ పీకి మళ్లీ పెట్టాను.

అప్పుడే పరుపు కట్టిన తలుపు మెల్లగా తోసుకుని ఒకాయన లోపలికొచ్చాడు. భుజాన తుండుగుడ్డ. ఎవరూ మాట్లాడటం లేదు, పెద్దాయన చాప మీద కళ్లు మూసుకుని ఉన్నాడు, నేను తల పట్టుకుని ఉన్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యేసి, "ఎవురప్పా పోయింది? ఎప్పుడు?" అన్నాడు.

అయ్యవారు కళ్లు తెరిచి ఆయన్ని చూసి, "ఇంకా ఎవురూ పోలేదు నాయనా. ప్రయత్నంలో ఉండాము" అన్నారు.

ఆ మాటకు ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. నేనా గంటంతా బోర్డులు విప్పి బిగిస్తూ గడిపాను. పదకొండుకు మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కాసేపటికి అయ్యవారి చేతిలో మీటు, అదే తీగలు మీటే బిళ్ల, దానంతటదే కదలడం మొదలైంది. ఆయన దాన్ని అరచేతిలో మూసేసుకుని, మాండొలిన్ పెట్టెలో పెట్టేసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. ఆయనకున్న ఉదయాల్లో ఒక ఉదయం నేను తినేశాను. పోనీ, నాకు తెలియడం లేదయ్యా అని అక్కడ ఒప్పుకున్నానా అంటే అదీ లేదు. మగ్గాలతో పాటు పక్కవీధి మోటార్లు కూడా ఉండొచ్చునని గొణిగి, సంచి సర్దుకుని వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో పక్కనున్నామె వేరుశనగకాయలు కొని సగం నాకిచ్చింది. నువ్వే ఏదైనా అనమ్మా అని నా మనసులో ఉంది. ఆమె కాయలు వలుచుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మూడోసారి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. ఓనరు బలవంతం మీద వెళ్లాను. అయ్యవారు మాకన్నా ముందే వచ్చేసి ఉన్నారు. మాత్ర పని మొదలుపెట్టడానికి ఇంకా టైముందని స్టూడియో అతని తల్లి అందరికీ బయటి గదిలో టీ పెట్టింది. మాండొలిన్ చాప మీదే ఉంది, తీగ తగిలించే ఉంది. రేణిగుంట అమ్మాయి మాత్రం గ్లాసు పట్టుకుని లోపలే, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చి నన్ను చేత్తో పిలిచింది. వెళ్లాను. హెడ్‌ఫోన్ నా తలకు తగిలించింది. ఏమీ లేదు. తుమ్మెద చచ్చిపోయింది.

"పోయింది!" అని అరిచాను.

స్టూడియో అతను పరుగున వచ్చి, నిజంగా పోయిందో లేదో చూద్దామని మౌసు కదిపాడు. నిద్రపోతున్న తెరలు రెండూ వెలిగాయి. జుయ్యి.

"మళ్లీ వచ్చిందే, ఏం చేసినావు?" అన్నాను.

ఏమీ చేయలేదు, చూశానంతే అన్నాడతను. నిజమే. ఎవరూ ఏమీ చేయకుండా అయిదు నిమిషాలు కూర్చున్నాం. తెరలు వాటంతటవే ఆరిపోయాయి. రొద పోయింది. పోయిందని నేను చెప్పగానే అతను ఆనందం పట్టలేక మళ్లీ మౌసు కదిపాడు. మళ్లీ జుయ్యి. సిగ్గు విడిచి చెప్తున్నాను, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నేనూ, రెండు తెరల యజమానీ కలిసి ఈ పని మూడుసార్లు చేశాం. నాలుగోసారి ఆమె లేచి, తెరల కింద ఉన్న బొత్తాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. ఎడమది ఆరితే రొద సగమైంది. కుడిది ఆరితే పూర్తిగా పోయింది. మళ్లీ వెళ్లి తన టీ తాగింది.

సంగతి చాలా చిన్నది. ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో తీగల కింద, అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ చుట్టిన ముక్క ఒకటుంటుంది. పైన వాయించే తీగ అదిరితే అది పట్టుకుంటుంది. దగ్గర్లో ఏ కరెంటు వస్తువు గుసగుసలాడినా దాన్నీ పట్టుకుంటుంది. మామూలు మైకుకు ఆ పాడు అలవాటు అంతగా లేదు. తెరలకు ఎదురుగా, మూరెడు దూరంలో మాండొలిన్ పెట్టి, అదే తెరలో రొద ఎంతుందో చూస్తూ కూర్చున్నాం మేం. దొంగను పక్కన కూర్చోబెట్టుకుని దొంగ ఎవరని అడిగినట్టు.

మాండొలిన్‌ను పక్కకు తిప్పితే కూడా రొద దాదాపు పోతోంది. అందుకని అయ్యవారిని దక్షిణం వైపు తిరిగి కూర్చోమని అడిగాను. ఆయన నా వంక దయగా చూశారు.

"దక్షిణం తిరగమంటావా? దానికింకా టైముండాది నాయనా. ఆ టీవీలనే ఆపేయండి."

తెరలు లేకుండా రికార్డింగా అని స్టూడియో అతను హడలిపోయాడు. గీత కనబడకపోతే రికార్డవుతోందని ఎలా నమ్మేదన్నాడు. అయ్యవారు, అరవై ఏళ్లు వాయించినా తన పాటను కంటితో చూడాలని తనకెప్పుడూ అనిపించలేదని, అది చెవులుండేవాళ్ల కోసమని అన్నారు. ఇక అతను ముందుగా రికార్డింగు మొదలుపెట్టి, నడుస్తోందని రెండుసార్లు చూసుకుని, బిడ్డను హాస్టల్లో వదిలే తండ్రిలాగా తెరలు రెండూ ఆర్పేశాడు. అతను ముందే మొదలుపెట్టేశాడని నాకు తెలియదు. బొత్తం ఇంకా నొక్కలేదనుకున్నాను.

నోటితో చెప్పే పాఠం కోసం అయ్యవారి ముందు ఒక మైకు కూడా ఉంది. ఆయన శృతి చూసుకుంటున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించి, వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. స్టూడియో అతను బల్ల దగ్గరి నుంచి నోటి మీద వేలు పెట్టి సైగ చేశాడు. ఎందుకులే సార్, పోనివ్వండి అంటున్నాడనుకున్నాను. మంచివాడని కూడా అనుకున్నాను.

"అయ్యోరా, ఆ పొద్దు మగ్గాలన్నీ ఆపించి మీ పొద్దు పాడుచేసినాను. మగ్గాలది ఏం తప్పు లేదు. ఈ యమ్మ మొదటిరోజే తెరలు ఆర్పి చూద్దామనింది. నేనే వినలేదు. నాకు తెలవకపోవడం కాదు, తెలవదని చెప్పేదానికి నోరు రాలేదు."

చెప్పేటప్పుడు నేను అయ్యవారి వైపే చూస్తున్నాను. వెనకున్నామె ముఖం చూసే ధైర్యం లేదు.

"అట్నే నాయనా. ఇంక పక్కకు కూర్చో, వేళ్లు బాగుండాయి" అన్నారాయన.

ఆ తర్వాతి గంటన్నర గురించి నేను పెద్దగా చెప్పలేను. ఆయన ఒక్కో పాఠం మాటల్లో చెప్పి, తర్వాత వాయించారు. ఎక్కడ వేలు ఆనాలి, ఎక్కడ జారాలి, తానెక్కడ కుర్రతనంలో తొందరపడేవారో కూడా చెప్పారు. హెడ్‌ఫోన్‌లో ఆ జుయ్యి మచ్చుకైనా లేదు. ముప్పై ఏళ్లుగా నేను శబ్దంలో తప్పులు వెతకడానికే విన్నాను. ఆ రోజు వెతకాల్సిందేమీ దొరక్క, ఊరికే వింటూ కూర్చున్నాను. చివరి పాఠంలో ఆయన కుడిచెయ్యి కొంచెం వణికింది. ఆయన ఆపలేదు. పూర్తి చేసి, మీటు కింద పెట్టి, "వాళ్లు దాన్ని గమకమనుకుంటారులే" అన్నారు.

తెరలు వెలిగించి మొదటి నుంచి విన్నాం. ముందుగా వచ్చింది నా గొంతు. అయ్యోరా, ఆ పొద్దు మగ్గాలన్నీ ఆపించి... ఎంత స్పష్టంగా ఉందంటే, అంత మంచి రికార్డింగు నా జీవితంలో నేను చేయించలేదు. బొంతలు దాటి వచ్చిన పక్కింటి మగ్గాల టకటక కూడా వెనకాల సన్నగా వినబడుతోంది, ఔను ఔను అన్నట్టు. రేణిగుంట అమ్మాయి అప్పుడు నవ్వింది. ఆమె అంతసేపు నవ్వడం షాపులో కూడా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ముక్క కోసెయ్యమని స్టూడియో అతన్ని బతిమాలాను. అయ్యవారు వద్దన్నారు.

"ఉండనీ. నా పాఠాల కన్నా పొట్టిగా ఉండాది. పిల్లోళ్లకు తొందరగా అర్థమవతాది."

నిజంగానే ఉంచేశారు. పుత్తూరు, నగరి పక్కల మాండొలిన్ నేర్చుకునే పిల్లలందరి ఫోన్లలో మొదటి పాఠంగా నా గొంతుంది. ఒకసారి ఒక పెళ్లిలో మైకు సరిచేస్తూ "హలో" అన్నాను. ఆర్కెస్ట్రాలోని కుర్రాడొకడు గభాలున తల తిప్పి చూసి, పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంకో పని మిగిలింది. అయిదు ఇళ్లకూ వెళ్లి, తప్పు మీ మోటార్లది కాదని చెప్పాలి. నా పక్కనున్నామె నేనూ వస్తానంది. నాలుగు ఇళ్లవాళ్లు నవ్వి మజ్జిగిచ్చారు. నాలుగు గ్లాసులూ తాగాల్సి వచ్చింది. పక్కింటి ఆసామి మగ్గం మధ్య నుంచి అరిచినట్టు మాట్లాడుతూ, తన మోటార్లది తప్పు కాదని తనకు ఆ రోజే తెలుసునన్నాడు. మరి ఎందుకు ఆపావని అడిగాను. మగ్గాల చప్పుడులో నా ప్రశ్న అతనికి వినబడలేదు.

అరుగు మీద కూర్చున్న అతని తల్లికి మాత్రం నా పెదవుల కదలిక తెలిసినట్టుంది. రా అని చెయ్యూపి, పక్కన కూర్చోబెట్టుకుని, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఆ పొద్దు నీళ్లు కావాలని నేను ఒక్కసారి పిలిస్తే పలికినాడప్పా. వానికి పెండ్లయినాక అదే మొదలు. మళ్లీ ఎప్పుడాపిస్తావు?"

ఇంకెక్కడైనా రొద వస్తే తప్పకుండా ఆపిస్తానవ్వా అన్నాను. ఆమెకు వినబడిందో లేదో తెలియదు. తల మాత్రం ఊపింది.